వరదను మళ్లించిన కట్ట

యొర్దాను దేశపు ఎడారిలో పేత్రా అను పురాతన పట్టణమున్నది. దానికి పోవు త్రోవ ఒక బండ చీలిక. దాని పేరు సీక్. దాని పొడవు సుమారు 1,200 మీటర్లు. ఇరుప్రక్కల గోడలవలె లేచిన ఎఱ్ఱని ఇసుకరాతి కొండలు కొన్ని తావుల 80 మీటర్ల ఎత్తుండును. వెడల్పు మాత్రము అక్కడక్కడ ఒక బండి పట్టునంతయే. వసంతకాలమున, ఎండ ముదరకమునుపు, ఆ నీడలో అరగంటసేపు నడచుట ఎంతో హాయి. తలయెత్తి చూచినయెడల ఆకాశము సన్నని పట్టీవలె కనబడును.

1963 ఏప్రిలులో ఫ్రాన్సు దేశపు యాత్రికులు కొందరు ఈ త్రోవలో నడచుచుండగా వరద వచ్చెను. 20 మందికి పైబడి చనిపోయిరి. వారిని నడిపించుచుండిన రోమను కథోలిక గురువు, బైబిలు పండితుడైన ఝాన్ స్టెయిన్మన్, వారితోనే పోయెను. ఎక్కడో పై కొండలమీద కురిసిన వాన బండనేలలో ఇంకక, వాగులన్నియు కూడి ఇరుకులో పడినప్పుడు ప్రక్కకు తొలగుటకు చోటుండదు.

ఇట్టి సంగతి విన్నప్పుడు మనలో రెండు మాటలు పుట్టును. వారేదో పాపము చేసియుందురనునది ఒకటి. సిలోయము గోపురము కూలి నలిగిన 18 మందినిగూర్చి ప్రభువు ఇచ్చిన జవాబు ఈ నోటిని మూయించినది. దానిని మరల తెరచుట మనకు తగదు. రెండవది ఎక్కువ నొప్పించునది: భక్తితో బయలుదేరినవారిని దేవుడేల కాపాడలేదు? సమాధియొద్ద నిలువబడి దీనికి చక్కని జవాబు చెప్పు బోధకుని నేను నమ్మజాలను.

అయితే ప్రియులారా, ఆ చీలికనుగూర్చి మరియొక సంగతి వినుడి. పేత్రాను కట్టిన నబాతీయులు విగ్రహారాధికులు. దమస్కులో పౌలును పట్టగోరిన అధిపతికి పైవాడైన అరెత వారి రాజే. ఆ జనులు సుమారు 2,000 సంవత్సరముల క్రిందట సీక్ ముఖద్వారమున ఆనకట్ట కట్టి, కొండను తొలిచి, వరదను వేరొక వాగులోనికి మళ్లించిరి. చీలిక గోడలకు కాలువలు చెక్కి ఊటనీటిని పట్టణములోనికి తెచ్చుకొనిరి. చంపు నీటిని త్రిప్పివేసి బ్రదికించు నీటిని రప్పించుకొనిరి! తరువాత పట్టణము పాడుబడెను, కట్ట శిథిలమాయెను. చెరువు కట్టలను ఎరిగినవారికి ఇది వివరింపనక్కరలేదు. 1963 విపత్తు జరిగిన పిమ్మటనే ఆ పాత చోట కట్ట మరల లేచినది.

ప్రార్థన ఉండగా కట్టలేల, అది అవిశ్వాసము కాదా అని అడుగు సహోదరులు మన సంఘములలోను ఉన్నారు. చనిపోయిన ఆ యాత్రికులు ప్రార్థన ఎరుగనివారా? దేవాలయ శిఖరమునుండి దుముకుమన్నవాడు లేఖనమునే ఎత్తి చెప్పెను గదా. విగ్రహారాధికుల పలుగు పారలలో దేవుని కాపుదల లేకుండెనని ఎవరు చెప్పగలరు? తమ పిల్లలకొరకు వారు కట్టినది, తాము చూడని పరదేశులను సహితము కాచినది.

కట్ట పాడగుటలో ఎవనిది దోషమందుము? ఏ ఒక్కని పేరును చెప్పలేము. ప్రతి తరమువారు కొంచెము కొంచెముగా విడిచిపెట్టిరి. వారిలో ఎవడును హంతకుడు కాడు. న్యాయస్థానము పట్టుకొనలేని ఇట్టి దోషమును మనము ఆదివారపు ఒప్పుకోలులో చేర్చుచున్నామా?

2018 నవంబరులో పేత్రాకు మరల పెద్ద వరద వచ్చెను. ఆ దినమున అక్కడనున్న 3,000 మందికి పైగా యాత్రికులను వెలుపలికి తరలించిరి.