పరిహారం ఎవరి సొత్తు?

"ఫాదర్‌గారూ, ఆ డబ్బు నేను అడగలేదు. ప్రభుత్వమే నా ఖాతాలో వేసింది. ఉంచుకుంటే పాపమా?" ఆదివారం పూజ ముగిశాక గుడి మెట్ల దగ్గర ఒక పెద్దాయన నన్ను అడిగారు. పొలం ఆయనది. సాగు చేసినది కౌలు రైతు. అతనూ మన విచారణ బిడ్డే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి నేలకొరిగింది. కోసిన పనలు నీట నానాయి. నల్లమడ వాగు పొంగితే కాకుమాను పొలాల గతి ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇలాంటి నష్టానికి ప్రభుత్వం ఇచ్చేదే పెట్టుబడి రాయితీ. 2022లో కేంద్రం ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పంట 33 శాతం గాని, అంతకు మించి గాని పోతే, నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకు 17,000 రూపాయలు. అంటే ఎకరాకు ఏడు వేలకు కాస్త తక్కువ. పెట్టిన ఖర్చు ముందు అది ఏ మూలకు?

ఆ సొమ్ము పేరులోనే జవాబు ఉంది. పెట్టుబడి ఎవరు పెట్టారో రాయితీ వారిది. విత్తనం, ఎరువు, కూలి, వడ్డీ అన్నీ కౌలు రైతు నెత్తినే ఉన్నాయి. అయితే కాగితం మీద పేరు యజమానిది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు కార్డు ఇస్తుంది. కాని దానికి పదకొండు నెలల ఒప్పందంపై యజమాని సంతకం కావాలి. ఆ కార్డు వల్ల భూమిపై హక్కు రాదని చట్టమే చెబుతున్నా, "సంతకం పెడితే పొలం పోతుందేమో" అనే భయం చాలామందిని వదలలేదు. సంతకం లేక కార్డు రాదు. కార్డు లేక పరిహారం దారి తప్పుతుంది.

చట్టం తప్పు పట్టనిదంతా న్యాయమేనా? పునీత అక్వీనాసు తోమాసుగారు ఆస్తిని సొంతంగా కలిగి ఉండడం ధర్మమేనన్నారు. కాని దాని వాడకంలో అవసరంలో ఉన్నవారిని మరువరాదన్నారు. ఒకరిది మనచేతికి వస్తే తిరిగి ఇవ్వడం న్యాయధర్మమని కూడా బోధించారు. దొంగిలించకపోయినా, పరుల సొమ్మని తెలిశాక దాచుకుంటే తప్పే.

జక్కయ్యను గుర్తు చేసుకోండి. ఆయన రెండు మాటలు ఇచ్చాడు. ఆస్తిలో సగం పేదలకు ఇస్తానన్నాడు, అది దానం. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు, అది బాకీ తీర్చడం. మనం తరచు బాకీని దానంగా లెక్క వేసుకుని పుణ్యం వచ్చిందనుకుంటాం. కౌలు రైతు చేతిలో రెండు వేలు పెట్టి, "పాపం, కష్టంలో ఉన్నాడని ఇచ్చాను" అంటాం. నిజానికి అతని సొమ్ములో కొంత అతనికిచ్చి, మిగిలింది మనం ఉంచుకున్నాం.

"కౌలు గింజలు నాకూ రాలేదు కదా" అని యజమాని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కౌలు మాఫీ చేసిన యజమాని నష్టంలో పాలు పంచుకున్నాడు. అలాంటప్పుడు ఇద్దరూ కూర్చుని, ఎవరి నష్టం ఎంతో చూసుకుని పంచుకోవచ్చు. కాని బస్తాల లెక్కన కౌలు పూర్తిగా వసూలు చేసుకుని, పరిహారమూ ఉంచుకుంటే, తుపాను ఒకరికి నష్టం, మరొకరికి ఆదాయం అయినట్లే. దేవుని యెదుట ఆ లెక్క నిలవదు.

ఈ నియమం గుడికీ వర్తిస్తుంది. విచారణకు పొలం ఉండి కౌలుకిచ్చి ఉంటే, ముందు మేము సంతకం పెట్టాలి, పరిహారం వస్తే ముందు మేము అప్పగించాలి. చేయకుండా పీఠం మీద నుంచి ప్రసంగిస్తే వినేవారెవరు?

ఆ పెద్దాయనకు నేను చెప్పింది ఇంతే: "అయ్యా, డబ్బు మీ ఖాతాలో పడడం పాపం కాదు. అది ఎవరిదో తెలిశాక కూడా అక్కడే ఉండనిస్తే పాపం. వచ్చే సాగుకు ముందే ఒప్పందం మీద సంతకం పెట్టండి. అప్పుడు ఈ ప్రశ్న మళ్లీ అడగనక్కరలేదు."