ఎవరి భుజాల మీద?

ప్రయాణానికి చిన్న సంచీయా, పెద్ద సంచీయా అన్నది మామూలుగా కొట్లో తేలిపోయే విషయం. నవంబరులో పన్నెండు రోజులు ఒక్కదాన్నే మేఘాలయ వెళ్ళాలనుకున్నాక, 38 లీటర్ల బ్యాక్‌ప్యాక్‌కీ 65 లీటర్ల దానికీ మధ్య వారం రోజులు కొట్టుమిట్టాడాను. ఇది లీటర్ల లెక్క కాదని అప్పుడర్థమైంది.

పెద్దదానికి లోపల చట్రం, నడుముకి వెడల్పాటి బెల్టు ఉంటాయి. బరువులో ఎక్కువ భాగం భుజాల మీంచి తుంటికి దిగుతుంది. కానీ ఖాళీ ఉంటే నింపకుండా ఉండలేం. నింపితే పద్నాలుగు, పదిహేను కిలోలవుతుంది. చిన్నది ఏడు కిలోల దగ్గర ఆపగలిగితే విమానంలో చేత్తోనే తీసుకెళ్ళొచ్చు, షేర్ సుమోలో ఒళ్ళో పెట్టుకోవచ్చు. ఇంత స్పష్టంగా ఉన్నా నా చెయ్యి పెద్దదాని వైపే పోయింది. ఎందుకు?

'ఒకవేళ' అనే మాట వల్ల. ఒకవేళ జ్వరమొస్తే, ఒకవేళ వాన పడితే, ఒకవేళ తిండి దొరక్కపోతే. ముప్ఫై ఏళ్ళుగా నేను సర్దిన సంచీలేవీ నావి కావు. పిల్లల ఫ్లాస్కు, అత్తగారి బీపీ మాత్రలు, రైల్లోకి పులిహోర, ఆయనకి అదనంగా ఓ చొక్కా అన్నీ పోగా మిగిలిన మూలలో నా రెండు చీరలు. "నాకసలు లగేజీ ఉండదు" అని చేతులూపుకుంటూ నడిచే మగవాళ్ళని ఒక్క ప్రశ్న అడగాలి: మీ టూత్‌పేస్టు ఎవరి సంచీలో ఉంది?

తేలిగ్గా బతకడాన్ని మన సంస్కృతి ఎప్పుడూ మెచ్చుకుంది. బౌద్ధ భిక్షువు ఆహారాన్ని రేపటికి దాచుకోకూడదు. గొప్ప నియమమే. కానీ ఆయన పాత్ర నిండాలంటే ఏదో ఇంట్లో ఎవరో ముందే లేచి పొయ్యి వెలిగించాలి. ఆ ఎవరో ఎవరో మనకి తెలుసు. ఏనుగుల వీరాస్వామి 1830-31లో చేసిన కాశీయాత్ర మన యాత్రాసాహిత్యానికి మొదలు. ఆ మొదలు కింద బోయీల భుజాలున్నాయి. రైల్వే ఉచిత సామాను పరిమితి చూడండి: రెండో తరగతికి 35 కిలోలు, ఏసీ ఫస్టుకి 70. స్థాయి పెరిగేకొద్దీ బరువూ పెరుగుతుంది, మోసేవాళ్ళే వేరు.

అలాగని సంచీని తిట్టలేను. మనిషి తొలి పరికరం ఆయుధం కాదు, ఏరుకున్నది ఇంటికి తెచ్చుకునే సంచీలాంటిదేనన్న ఆలోచన ఆధారంగా ఉర్సులా లెగ్విన్ 1986లో ఒక వ్యాసం రాసింది. ఆ లెక్కన మన 'ఒకవేళ' పిరికితనం కాదు, నాగరికత. నా పేచీ దాంతో కాదు, అది ఆడవాళ్ళ వంతు మాత్రమే కావడంతో.

అందుకని నాకు నేనొక సూత్రం పెట్టుకున్నాను: నేను ఎత్తి పైబెర్తు మీద పెట్టలేనిది నాది కాదు. ఈ మాట విని పోలియో వచ్చిన నా స్నేహితురాలు నవ్వింది. "అయితే నాలాంటివాళ్ళు ఇల్లు కదలకూడదన్నమాట. బలానికి నీతి అని పేరు పెట్టకే" అంది. ఆమె అన్నది నిజం. సాయం తీసుకోవడంలో తప్పు లేదు. అడిగి తీసుకున్న సాయం, కూలి చెల్లించిన సాయం కళ్ళకి కనిపిస్తుంది. అడక్కుండానే అందుతూ, లెక్కలోకి రాకుండా పోయే మోతలోనే అన్యాయమంతా ఉంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న 'ఎంత బరువు' కాదు, 'ఎవరు మోస్తున్నారో నాకు తెలుసా' అన్నది.

38 లీటర్లదే కొన్నాను. రెండు జతల బట్టలు, రెయిన్‌కోటు, మందులు, ఒక నోటుపుస్తకం. ఇది త్యాగమనీ, విముక్తి అనీ చెప్పుకోను. ఈ పన్నెండు రోజులూ అమ్మ మందుల పెట్టె తమ్ముడి దగ్గర ఉంటుంది. ఏ పూట ఏ మాత్రో కాగితం మీద రాసి వాడి చేతికిచ్చాను. రాత్రిళ్ళు అమ్మ దగ్గర పడుకునే ఆయమ్మకి ఎంతివ్వాలో ముందే మాట్లాడుకున్నాం. నా సంచీ తేలికైందంటే బరువు మాయమైందని కాదు, చేతులు మారిందని. ఈసారి ఎవరి చేతుల్లోకి మారిందో పేరుపేరునా చెప్పగలను.