పక్కన ఉండాల్సిన పాట

పేరు తెలిసిన పాటను వెతకడం ఈ రోజుల్లో పనే కాదు. మాదాపూర్‌లో మా జట్టు పొద్దస్తమానం చేసేది అలాంటి పనే. ఎవరో కొట్టిన నాలుగు అక్షరాలు పట్టుకుని కోట్ల ఎంట్రీల్లోంచి సరైనదాన్ని రెప్పపాటులో తెచ్చి చూపించాలి. దానికోసమే డేటాబేస్‌కు ఇండెక్సులు కడతాం. రికార్డుల మీద పాటలు కలిపే డీజేకి ఈ విద్య సగమే అక్కరకొస్తుంది. తనకు ఏ పాట కావాలో అతనికి ముందుగా తెలియదు. మోగుతున్న పాట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఆలోగా దాని పక్కన ఇమిడే పాట చేతికి దొరకాలి. దొరికాక హెడ్‌ఫోన్‌లో విని సూది ఎక్కడ దించాలో చూసుకోవాలి, వేగం సరిచేసుకోవాలి. ఇవన్నీ పోగా వెతకడానికి అర నిమిషం మిగిలితే గొప్ప. ఆ అర నిమిషం కోసం ఏళ్ళ తరబడి ఇంట్లో అరల ముందు కూర్చుని సర్దుకుంటాడు.

నేను వృత్తి డీజేని కాను. స్నేహితుల డాబాల మీద, శనివారం రాత్రుళ్ళు, నా దగ్గరున్న పాత తెలుగు రికార్డులతో పాటలు కలుపుతుంటాను. కొండాపూర్‌లో మా ఇంటి గోడ ఒకటి వాటితోనే నిండిపోయింది. ఏది ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న నాకు మొదట సామాన్లు సర్దుకునే ప్రశ్నలాగే తోచేది. అది వినడానికి సంబంధించిన ప్రశ్న అని రానురాను గట్టిగా అనిపిస్తోంది.

మాదాపూర్, కొండాపూర్ ఉన్న ఈ ప్రాంతానికి రికార్డుల జ్ఞాపకం లేదు. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ఇక్కడ సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికే తెలుగు పాట రికార్డును వదిలేసి క్యాసెట్లకు, సీడీలకు వెళ్ళిపోయింది. అందుకే ఇక్కడి అపార్ట్‌మెంట్లలో కనిపించే ప్రతి పాత రికార్డూ ఇంకోచోటి నుంచి వచ్చిందే. జుమ్మేరాత్ బజార్ నుంచో, ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ నుంచో, ఊళ్ళో తాతగారి అటక మీద నుంచో వచ్చి ఉంటుంది. వచ్చేటప్పుడు అది తన పాత వరసను పోగొట్టుకునే వస్తుంది.

పడమటి దేశాల డీజేలకు ఈ విషయంలో యాభై ఏళ్ళ అనుభవం ఉంది. ముందు సంగీతం రకం, అందులో మళ్ళీ వేగం. నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టి, ఆ బీపీఎం అంకెను చిన్న స్టిక్కర్ మీద రాసి అట్ట మూలన అతికిస్తారు. వాళ్ళు ఎక్కువగా వాడిన టర్న్‌టేబుల్ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 1972లో వచ్చింది. 1979లో వచ్చిన దాని రెండో రూపంలో వేగాన్ని 8 శాతం దాకా పెంచొచ్చు, తగ్గించొచ్చు. అంటే 120 దెబ్బల పాటను 111 నుంచి 129 దాకా ఎక్కడైనా నిలపొచ్చు. వేగం మార్చే మీట కదిలినంత మేరలో ఉన్న పాటలే దానికి ఇరుగుపొరుగు. కొందరు శ్రుతి కూడా రాస్తారు. కొందరు కంపెనీ వారీగా, దేశం వారీగా పెడతారు. నాకు బాగా నచ్చిన పద్ధతి రాత్రి నడకను బట్టి పెట్టడం: జనం ఒక్కొక్కరే వస్తున్నప్పటివి, గది నిండాక వేసేవి, ఇళ్ళకు బయల్దేరే ముందువి. క్లబ్బుల కోసం తీసిన పన్నెండంగుళాల సింగిల్స్ చాలావాటికి పల్చటి అట్టే ఉంటుంది, అంచు మీద పేరుండదు. అరలో నిలబెడితే అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. ఇక బరువు. వంద ఎల్పీలు అట్టలతో కలిపి పాతిక కిలోల దాకా తూగుతాయి. అందుకే ఇంట్లో అర వేరు, ఆ రాత్రికి మోసుకెళ్ళే పెట్టె వేరు. పెట్టెలోకి ఏవి ఎక్కాలో తేల్చుకునేటప్పుడే రాత్రి సగం ఖరారవుతుంది.

1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో సోదరి పెట్టిన పార్టీకి రికార్డులు వేసి హిప్‌హాప్‌కు ఆద్యుడిగా పేరు తెచ్చుకున్న కూల్ హెర్క్ రికార్డుల మీది లేబుళ్ళను నీళ్ళలో నానబెట్టి ఊడదీసేవాడు. తను ఏం వేస్తున్నాడో పోటీవాళ్ళకు తెలియకూడదని అలా చేసేవాడు. పేర్లు పోయాక కూడా అతని చేయి తడబడలేదంటే, ఆ వరస కాగితం మీద ఎప్పుడూ లేదన్నమాట.

ఇవన్నీ చదివి, చూసి, నేనూ స్టిక్కర్లు కొనుక్కొచ్చాను. మన రికార్డుల దగ్గర ఆ అంకెలు నిలవవు. ఆ రోజుల్లో గాయకులూ వాద్యబృందమూ కలిసి ఒక్క ఊపున పాడి, వాయించి రికార్డు చేసేవాళ్ళు. లెక్క తప్పకుండా టక్‌టక్‌మని కొట్టే క్లిక్ ట్రాక్ లేదు. పల్లవిలో నింపాదిగా నడిచిన పాట చరణంలో కాస్త తొందరపడుతుంది. చాలా పాటలకు ముందు సాకీ ఉంటుంది, లేకపోతే తాళానికి కట్టుబడని ఆలాపన ఉంటుంది. దేన్ని లెక్కపెట్టి ఏ అంకె వేయాలి? అందుకని అంకె మానేశాను. ఢోలక్ ఎక్కడ అందుకుంటుంది, రెండో బీజీఎంలో గొంతు లేకుండా వాద్యాలే ఎన్ని ఆవర్తాలు నడుస్తాయి, ఇవి రాస్తున్నాను. ఇంకో పాట అడుగుపెట్టగలిగేది ఆ ఖాళీలోనే.

సినిమా పేరుతో పెడదామా అంటే అదీ కుదరదు. డెబ్బైలు, ఎనభైల ఎల్పీలు చాలావాటిలో ఒకవైపు ఒక సినిమా ఉంటుంది, రెండోవైపు వేరే సినిమా ఉంటుంది. డేటాబేస్‌లో ఇదొక సమస్యే కాదు, ఒక పాటకు పది గుర్తులు తగిలించి పది దారుల్లో దొరికేలా చేస్తాం. ప్లేటు మాత్రం ఒక్కచోటే ఉంటుంది. ఎక్కడో తేల్చాలి. తేల్చిన క్షణాన ఒక సినిమా ముందుకొచ్చి రెండోది చాటుకు పోతుంది. ఈ బలవంతపు నిర్ణయం నాకు మొదట విసుగ్గా ఉండేది. ఇప్పుడు అదే నన్ను కూర్చోబెట్టి రెండువైపులా వినేలా చేస్తోంది. సంగీత దర్శకుడి పేరుతో పెడితే చక్రవర్తి అర ఒక్కదానిలోనే గది ఊగిపోయే పాటా, అర్ధరాత్రి ఒంటరిగా వినాల్సిన పాటా ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి.

అక్షరక్రమం మీద నాకు చిన్నచూపేమీ లేదు. కొమర్రాజు లక్ష్మణరావు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వాన్ని మూడు సంపుటాలు వెలువరించి, అకారం ఇంకా దాటకుండానే 1923లో కన్నుమూశారు. అలాంటి పనికి అక్షరక్రమమే తగినది. ఏ ఊళ్ళో ఎవరు ఏ మాట కోసం తెరుస్తారో తెలియదు, కాబట్టి అందరికీ తెలిసిన వరస కావాలి. అక్షరక్రమం ముక్కూమొహం తెలియని పాఠకుడికి ఇచ్చే మర్యాద. డీజే అరకు వచ్చే పాఠకుడు ఒక్కడే. అతను ఆ పుస్తకాలన్నీ ముందే చదివేసినవాడు.

మనకు డీజేలు రాకముందు మైక్ సెట్ మనుషులు ఉండేవాళ్ళు. వేపచెట్టుకు కట్టిన హారన్లు, ఒక ఆంప్లిఫయర్, ఒక రికార్డు ప్లేయరు, ఒక రేకు సందూక. నల్లగొండ దగ్గర మా ఊళ్ళో ఆయన సందూకలో రికార్డులు పెళ్ళి జరిగే వరసలో ఉండేవి. తెల్లవారుజామున సుబ్బులక్ష్మి సుప్రభాతం. పొద్దెక్కేదాకా దేవుడి పాటలు. భోజనాల వేళకు హుషారైనవి. పెద్దవాళ్ళు కునుకు తీసే మధ్యాహ్నానికి నెమ్మదైనవి. అట్టడుగున అప్పగింతల పాటలు, అవి సాయంత్రం దాకా పైకి రావు. ఘంటసాల భగవద్గీత మాత్రం ఆ సందూకలోకి ఎక్కేదే కాదు. అది దుకాణంలో విడిగా ఒక గూట్లో ఉండేది, ఎందుకో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆయన ఏ అట్ట మీదా ఏమీ రాసుకోలేదు. పెళ్ళంటే ఏమిటో, అందులో ఏ ఘడియకు మనుషుల మనసు ఎలా ఉంటుందో తెలిసినవాడు కనుక సందూక అలా సర్దుకుంది. ఇంకో సంగతి, ఆ వరస వినేవాళ్ళకు కూడా తెలిసిపోయేది. టూరింగ్ టాకీసుల్లో ఘంటసాల పాడిన వేంకటేశ్వరుడి పాట మోగిందంటే ఆట మొదలుకాబోతోందని జనం పరుగులు తీసేవాళ్ళు. భక్తి పాటే, అయినా అది వచ్చే చోటును బట్టి దానికి ఇంకో అర్థం పుట్టింది.

ఇంకా వెనక్కి వెళ్తే తిరుమలలో తాళ్ళపాకవారి సంకీర్తన భాండాగారం ఉంది. అన్నమయ్య పాటల్ని రాగిరేకుల మీద చెక్కించి గుడిలోనే ఒక అరలో భద్రపరిచారు. అవి ఎన్నో తరాలు అక్కడే ఉండిపోయి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వెలుగులోకి వచ్చాయి. పాటల్ని అధ్యాత్మ సంకీర్తనలు, శృంగార సంకీర్తనలు అని రెండుగా విడదీశారు. ఒక్కో పాటకు రాగం పేరు చెక్కారు. లోహపు పలకల మీద పాటలు, వాటికి రాగం గుర్తు, మొత్తానికి భావాన్ని బట్టి విభజన. ఐదు వందల ఏళ్ళ కిందట మనవాళ్ళు చేసిన ఈ ఏర్పాటు తలుచుకున్నప్పుడల్లా నాకు గర్వంగానూ బాధగానూ ఉంటుంది. బాధ ఎందుకంటే రేకుల మీద స్వరాలు లేవు. గుర్తులు నిలిచాయి, బాణీలు పోయాయి. రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ వంటివారు ఎన్నో పాటలకు మళ్ళీ వరసలు కట్టాల్సి వచ్చింది. మధ్యలో పాడేవాళ్ళు, వినేవాళ్ళు తెగిపోతే ఎంత చక్కటి పట్టికైనా పాటను కాపాడలేదు.

పట్టికల్లో ఒకటి మాత్రం మా ఆఫీసులో వాళ్ళందరికీ చూపించాలనిపిస్తుంది. 72 మేళకర్త రాగాల్లో ధీరశంకరాభరణం అన్న పేరు తీసుకోండి. కటపయాది లెక్కలో ధ అంటే తొమ్మిది, ర అంటే రెండు, తిరగేస్తే 29. అదే దాని స్థానం. మేచకల్యాణిలో మ ఐదు, చ ఆరు, తిరగేస్తే 65. పేరు నుంచే చిరునామా లెక్కకట్టే ఈ ఉపాయాన్ని మేం హాషింగ్ అంటాం. ఇంకా అందమైన సంగతి 29కీ 65కీ మధ్య ఉన్న 36. ఏ శుద్ధమధ్యమ మేళానికైనా 36 కలిపితే, ఒక్క మధ్యమం తప్ప అన్ని స్వరాలూ అవే ఉన్న ప్రతిమధ్యమ మేళం వస్తుంది. రాగం ఎక్కడుందో చెప్పే అంకే దాని పొరుగు ఎవరో కూడా చెబుతుంది. నేటి డీజేలు శ్రుతుల కోసం వాడే 24 గళ్ళ కేమలాట్ చక్రం చేసేది ఇలాంటి పనే.

గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ పబ్బుల్లో డీజేలు ఇప్పుడు పెన్‌డ్రైవ్‌తో వస్తారు. వేగం, శ్రుతి సాఫ్ట్‌వేరే లెక్కకట్టి పెడుతుంది. మంచిదే. పాతిక కిలోలు మోయడంలో పుణ్యమేమీ లేదు. నాకు దిగులు పుట్టించేది ఇంకోటి. ఫోన్‌లో ఒక పాట అయిపోగానే దానంతటదే తరువాతి పాట వస్తుంది. ఆ పాట తరువాత లక్షల మంది ఏం విన్నారో లెక్కగట్టి దాన్ని తెచ్చిపెడతారు. ఆ లెక్కలు కట్టేది మావంటివాళ్ళమే కనుక అది ఎంత బాగా పనిచేస్తుందో నాకు తెలుసు. లోటు కూడా అక్కడే ఉంది. ఎవరూ పక్కపక్కన విననివి ఎన్నటికీ పక్కపక్కకు రావు.

చరణ్‌జిత్ సింగ్ అనే బొంబాయి సినీ వాద్యకారుడు 1982లో సింథసైజర్, డ్రమ్ మెషిన్‌ల మీద పది రాగాలు డిస్కో నడకలో వాయించి ఒక రికార్డు చేశారు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళకు ఒక డచ్ సేకర్తకు ఢిల్లీలో దొరికింది, 2010లో మళ్ళీ విడుదలైంది. ఎనభైల నడిమిలో చికాగోలో పుట్టిన యాసిడ్ హౌస్‌కు ఇంత దగ్గరగా అంతకుముందే ఒక భారతీయుడు వాయించాడా అని ప్రపంచం నివ్వెరపోయింది. అది వచ్చిననాడు ఏ దుకాణంలోనూ దాని పక్కన పెట్టదగ్గ రికార్డు లేదు. ఒక మనిషి పూర్తిగా విని, ఇది దాని పక్కన ఉండాలి అనుకున్నాకే దానికి చోటు దొరికింది.

నా అర దగ్గర నియమం ఒక్కటే. రెండువైపులా పూర్తిగా వినందే ఏ రికార్డూ లోపలికి పోదు. అందాకా తలుపు దగ్గర పెట్టెలోనే ఉంటుంది. ఆ పెట్టె ఎప్పుడూ నిండే ఉంటుంది, ఉండనీ. కొత్త రికార్డు లోపలికి వెళ్ళినప్పుడల్లా దానికి అటూ ఇటూ ఉన్నవాటిని మళ్ళీ ఒకసారి వేసుకోవాల్సి వస్తుంది. శనివారం వేసే పాటల్లో సగం అలా దొరికినవే.

మీ ఇంట్లో అటక మీద రికార్డులు ఉంటే, అమ్మేయాలనుకుంటున్నా సరే, కొన్ని చిన్న పనులు చేయండి. ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకండి, వేడికి వంగిపోతాయి, నిలబెట్టండి. దుమ్ము దులిపి సర్దడానికి ముందు అవి ఉన్న వరసను ఉన్నట్టే ఒక ఫొటో తీయండి. మీ ఊళ్ళో పాత మైక్ సెట్ ఆయన ఇంకా ఉంటే సందూక తెరిపించి, ఏది ఎప్పుడు వేసేవారో అడిగి రాసుకోండి. ఏ పాట తరువాత ఏది వేసుకుని వినేవారో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, అట్ట వెనక పెన్సిల్‌తో రాసిపెట్టండి.