కత్తిరించిన అంగీ

పాత బొమ్మలు సేకరించేవాళ్ల నోట 'అసలుది', 'పూర్తిగా ఉంది' అనే మాటలు జంటగానే వినిపిస్తాయి. నిజానికి ఆ రెండూ వేరు. పూర్తిగా ఉందా అన్నది భాగాలు లెక్కబెట్టి చెప్పొచ్చు. అసలుదా అన్నది మాత్రం ఒక్కో భాగం పుట్టుక అడిగితే గానీ తేలదు. అమెరికాలో కెన్నర్ కంపెనీ 1978లో తెచ్చిన స్టార్ వార్స్ బొమ్మలనే తీసుకుందాం. మొదటి 12 బొమ్మల్లో జావా అనే పొట్టి ముసుగు జీవి ఒకటి. దానికి ముందు వినైల్ అంగీ తొడిగి, కొద్దికాలానికే గుడ్డ అంగీకి మార్చారు. దాంతో వినైల్ అంగీ అరుదైపోయి ధర బాగా పెరిగింది. అదే వరసలోని బెన్ కెనోబీ బొమ్మకు కూడా గోధుమరంగు వినైల్ అంగీయే, కాకపోతే పొడుగు. దాన్ని కింద కత్తిరించి జావాకు తొడిగి అమ్మినవాళ్లున్నారు.

ఈ మోసం వెనక నాకు చాలా లోతైన ప్రశ్న కనిపిస్తుంది. ఆ అంగీ ప్లాస్టిక్ కెన్నర్‌దే, కాలమూ ఆనాటిదే, చెయ్యి తిరిగినవాడు కోస్తే ఆకారమూ సరిపోతుంది. మరి ఏం తక్కువైందని దాన్ని కాదంటున్నాం? తెలుగువాడైన అన్నంభట్టు రాసిన న్యాయదర్శన గ్రంథం 'తర్కసంగ్రహం'లో దీనికి పనికొచ్చే కారణాల విభజన ఉంది. బట్టకు దారాలు సమవాయి కారణం, దారాల కలయిక అసమవాయి కారణం, మగ్గం లాంటివి నిమిత్త కారణం. కత్తిరించిన అంగీలో సమవాయి కారణం చెక్కుచెదరలేదు, నిమిత్తం మారింది. జావా కోసం ఫ్యాక్టరీ చేసిన పని స్థానంలో ఎవరిదో కత్తెర వచ్చి కూర్చుంది. అంచు దగ్గర ఆ కోత కనబడినా, కనబడకపోయినా సంగతి ఒకటే. అసలుదనం పదార్థంలో లేదు, చేసిన చేతిలో ఉంది.

అలాగైతే ఒక జావా అంగీ తీసి ఇంకో జావాకు తొడిగితే తప్పా అని అడగొచ్చు. కాదనే నా అభిప్రాయం. ఫలానా బొమ్మకు ఫలానా అంగీ అని ఫ్యాక్టరీ జత కట్టలేదు. కుప్పలోంచి చేతికందినది తొడిగారు. నిమిత్తం ఒకటే కాబట్టి అసలుదనానికి లోటు రాదు. అరిగిన రంగు మాటేమిటి? అదే న్యాయదర్శనం ప్రకారం ఒక్క దారం పోయినా పాత బట్ట నశించి కొత్త బట్ట పుడుతుంది. ఆ లెక్కన పాత బొమ్మ ఏదీ అసలుది కాదు కదా అనవచ్చు. అంత దూరం వెళ్లనక్కర్లేదు. పిల్లల చేతుల్లో అరగడం బొమ్మ పుట్టిన పనే. దానివల్ల బొమ్మ నిండుదనం తగ్గుతుందే తప్ప పుట్టుక మారదు.

గట్టి అభ్యంతరం పూరీ నుంచి వస్తుంది. పాత విగ్రహాల స్థానంలో కొత్తవి చేసే నవకళేబరం 2015లో జరిగినప్పుడు జగన్నాథుడి వేపచెక్క విగ్రహాలు పూర్తిగా కొత్తవి వచ్చాయి. అయినా దేవుడు ఆయనే అని భక్తులందరి నమ్మకం. మరి బొమ్మకే ఈ పట్టుదల ఎందుకు? ఎందుకంటే అక్కడ కొత్త చెక్క అని దేశమంతటికీ తెలుసు, పాత విగ్రహాలను ఆలయ ప్రాంగణంలోని కోయిలి వైకుంఠంలో ఖననం చేస్తారు, వాటి లోపల ఉండే బ్రహ్మపదార్థం కొత్తవాటిలోకి మారుతుంది. కొనసాగింపు ఉన్నది ఆ క్రతువులో, ఆ నమ్మకంలో; చెక్క పాతదని అక్కడ ఎవరూ చెప్పరు. కోసిన అంగీ మాత్రం తనది కాని పుట్టుకను తనదిగా చెప్పుకుంటుంది. చూడ్డానికి తేడా లేనప్పుడు నష్టమేమిటనే వాళ్లకూ ఇదే జవాబు: పాత బొమ్మను కొనేవాడు అందానికి మించి ఒక సాక్ష్యాన్ని కొంటున్నాడు.

కాబట్టి అంగీ లేని జావా అసలుదే, పూర్తిది కాదు. అమ్మేవాళ్లు దాన్ని అలాగే అమ్మాలి. కొత్త అంగీ తొడిగితే ఆ మాట చీటీ మీద రాయాలి. రాయని చోట కొనేవాళ్లు అడిగి తీరాలి.