ఓరుగల్లు గెలుపు యెవరిది?

వొక దేశానికి స్వాతంత్ర్యాన్ని వొక యుద్ధం తెచ్చిపెట్టగలదా? చరిత్ర పుస్తకాలు తెచ్చిపెడుతుందనే చెబుతాయి. ఫలానా సంవత్సరంలో ఫలానా కోట దగ్గర ఫలానా సేన గెలిచింది. ఆ మరునాటి నుంచి దేశం స్వతంత్రం. విద్యార్థులు యీ వాక్యాన్ని బట్టీపట్టి పరీక్ష గట్టెక్కుతారు. కాని గెలిచింది యెవరు, స్వతంత్రులయింది యెవరు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. వాటిని వొకటిగా కలిపివేయడం చారిత్రకమైన తప్పు మాత్రమే కాదు, నైతికమైన తప్పు కూడా అని నా అభిప్రాయం. దీన్ని మన ఓరుగల్లు మీదనే పరీక్షించి చూద్దాం.

1323లో ఢిల్లీ యువరాజు ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నాడు. బందీగా ఢిల్లీకి పోతూ ప్రతాపరుద్రుడు నర్మద వొడ్డున మరణించాడు. నగరం పేరు సుల్తాన్‌పూర్ అయింది. పదమూడేళ్ల తరువాత, 1336 ప్రాంతంలో, ముసునూరి కాపయ నాయకుడు ఆ కోటను తిరిగి గెలిచి, తెలుగు దేశాన్ని ఢిల్లీ సామ్రాజ్యం నుంచి విడదీశాడు. ఆంధ్రసురత్రాణుడనే బిరుదు ధరించాడు. 1423 నాటి అనితల్లి కలువచేరు శాసనం డెబ్బై అయిదుగురు నాయకులు ఆయన కొలువులో వున్నారని చెబుతుంది. మరుగునపడిన యీ అధ్యాయాన్ని 1945లో మల్లంపల్లి సోమశేఖరశర్మగారు గ్రంథస్థం చేసినారు. ఆ కృషికి మనమంతా రుణపడి వున్నాము.

అయితే యీ విజయం కత్తి వొక్కటే తెచ్చిందా? అంతకు కొంచెం ముందే మధురలో తిరుగుబాటు లేచింది. దాన్ని అణచడానికి బయలుదేరిన మహమ్మద్ బిన్ తుగ్లక్ సేన ఓరుగల్లు దగ్గర మహమ్మారి వాతబడి వెనుదిరిగింది. గంగా యమునల నడిమి సీమలో పన్నుల భారానికీ కరువుకూ తాళలేక రైతులు పొలాలు వదిలి పారిపోయినారు. సామ్రాజ్యం తన బరువుకు తానే వంగిపోతున్న వేళ అది. ఆ బరువు కింద నలిగినవారిలో ఉత్తరాది రైతు కూడా వున్నాడన్న సంగతి మన వీరగాథల్లో కనపడదు. మరొక విశేషం: కోట విడిచి ఢిల్లీకి పారిపోయిన పాలకుడు మాలిక్ మక్బూల్ పుట్టుకచేత తెలుగువాడే. తరువాత ఫిరోజ్ షా కాలంలో ఢిల్లీకి వజీరు అయినాడు. కాబట్టి 'మనవాళ్లు', 'పరాయివాళ్లు' అని గీత గీసి చరిత్ర ముగించడం కుదరదు.

మరి గెలుపు రైతుకు యేమి తెచ్చింది? కాపయకు ముందు పోరాటానికి నాయకత్వం వహించిన ప్రోలయ నాయకుని విలస తామ్రశాసనం చూడండి. తురుష్కుల పాలనలో పంటలు లాక్కున్నారనీ, పేదా గొప్పా తేడా లేకుండా రైతు కుటుంబాలు నాశనమైనాయనీ అందులో వున్నది. ఇంతకూ ఆ శాసనం యేమిటి? విలస గ్రామాన్ని వొక బ్రాహ్మణ పండితునికి ధారపోసిన దానపత్రం. కష్టాల పట్టికలో రైతు వున్నాడు. వరాల పట్టికలో లేడు. ఆ వూళ్లో దున్నేవాణ్ణి, నేసేవాణ్ణి, 'నిన్ను ఫలానావారికి ఇస్తున్నాము, నీకు సమ్మతమేనా?' అని అడిగిన జాడ లేదు.

పద్నాలుగో శతాబ్దం నుంచి ఇరవయ్యో శతాబ్దపు హక్కులు ఆశించడం న్యాయమా అని మిత్రులు అడగవచ్చును. న్యాయం కాదు. నేను కాపయను ముద్దాయిని చేయడం లేదు. పంట దోపిడి ఆగడం చిన్న మేలూ కాదు. పరపాలన నుంచి విముక్తిని తేలికచేసి మాట్లాడేవారు దాని కింద బతికినవారు కారు. నా ప్రశ్న కాపయకు కాదు, మనకు. ఆ గెలుపు చూసి గర్వపడేది ఇవాళ్టి మనం. గర్వం ఇవాళ్టి చర్య. దానికి లెక్క చెప్పవలసినది మనమే. నా మటుకు నేను పెట్టుకున్న కొలత ఇది: వొక గెలుపు, గెలిచినవాడి యెదుట కూడా నిలబడి అడిగే హక్కును పాలితుని చేతికి యెంతవరకు ఇచ్చిందో, అంతవరకే అది స్వాతంత్ర్యం. తక్కినదంతా యజమాని మారడం.

కోటకు కొద్ది దూరంలోనే వున్న కొత్తవాడలో మగ్గాల చప్పుడు వింటూ నడిచినప్పుడల్లా యీ కొలత సరయినదనే నాకు తోస్తుంది. అక్కడ నేసే శత్రంజీల పని మొగలు సేనల వెంట వచ్చిందని అంటారు. దండెత్తినవారి వెంట వచ్చిన పని యీ నేల పనితనమై, 2018లో వరంగల్ పేరుతోనే భౌగోళిక గుర్తింపు పొందింది. కోట గెలిచినవారిని గురించి అక్కడ అడగవద్దు. శత్రంజీ కూలి రేటు యెవరు కడతారని అడగండి. నేతగాని స్వాతంత్ర్యం ఆ జవాబులో వుంటుంది.

యీ కొలతకు నిలిచిన పోరాటం కూడా యీ ప్రాంతంలోనే జరిగింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల నుంచి తన నాలుగెకరాల పంటను సంఘం అండతో కాపాడుకున్నది. దాన్ని నిర్ణాయక యుద్ధమని యే పుస్తకమూ రాయలేదు. 1948 సెప్టెంబర్ 17న అయిదు రోజుల సైనిక చర్యతో నిజాం లొంగిపోయినాడు. అదే నిర్ణాయకమైనదని రాశారు. కాని రైతు పోరాటం కొత్త ప్రభుత్వం యెదుట 1951 దాకా సాగింది. 1949లో జాగీర్లు రద్దయినాయి; 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. ఆ చట్టాలకు లొసుగులున్నవి, సంఘం పంచిన భూములెన్నో తిరిగి దొరల పాలైనవి. అయినా గెలిచిన ప్రభుత్వాన్ని నిలదీయడానికి కౌలుదారు చేతికి వొక కాగితం వచ్చింది. విలస శాసనంలో లేనిది అదే.

కాపయ రాజ్యం ముప్పైరెండేళ్లకు మించి నిలవలేదు. 1347లో బహమనీలు ఢిల్లీ నుంచి విడిపోవడానికి ఆయన సాయపడ్డాడు. వారికే తరువాత కౌలాసు, గోలకొండ కోటలు అప్పగించవలసి వచ్చింది. చివరకు రేచర్ల నాయకులతో పోరులో మరణించాడు. నాయకులు కలిసి తెచ్చిన స్వాతంత్ర్యం నాయకుల కలహంలో ముగిసింది. దున్నేవానికి అందులో భాగమే లేనప్పుడు, దాన్ని నిలబెట్టే బాధ్యత అతనిదని యే ముఖంతో అనగలం?

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం యేర్పడింది. దీన్ని కూడా ఆ కొలతతోనే కొలవాలి. ఉపాధ్యాయులు ఓరుగల్లు పాఠం చెప్పేటప్పుడు గెలిచినవాని పేరు చెప్పండి, తప్పక చెప్పండి. ఆ వెంటనే, మరునాడు పన్ను కట్టింది యెవరని పిల్లలను అడగండి.