గట్టు నుంచి

పోటీ పరీక్షలకు చదివేవారికి భూగోళ పాఠంలో ‘యార్దాంగ్’ అనే మాట ఎదురవుతుంది. పుట్టగొడుగు శిలల పక్కన దాన్నీ ఒక గాలికోత దిబ్బగా గుర్తుపెట్టుకుని ముందుకు సాగుతారు. ఆ అర్థంలో తప్పేమీ లేదు. ఎడారిలో ఎక్కువగా ఒకే దిక్కు నుంచి వీచే గాలి ఇసుకను మోసుకొచ్చి మెత్తని నేలను ఒరుసుకుంటూ పోతుంది. చాళ్లు లోతవుతాయి, వాటి నడుమ పొడవాటి దిబ్బలు మిగులుతాయి. గాలికి ఎదురుగా ఉన్న కొస మొద్దుగా, వెనుక కొస సన్నగా ఉండి, బోర్లించిన పడవల్లా కనిపిస్తాయి. అయితే అర్థం తెలిస్తే మాట తెలిసినట్టేనా?

ఈ మాటను శాస్త్రంలోకి తెచ్చినవాడు స్వీడన్ యాత్రికుడు స్వెన్ హెడిన్. నేటి చైనాలోని షిన్‌జాంగ్‌లో, లోప్ నోర్ పరిసరాల్లో తిరుగుతూ, తుర్కీ భాష మాట్లాడే అక్కడివారి నోట విని, 1903లో అచ్చయిన తన గ్రంథంలో వాడాడు. ‘యార్’ అంటే నిటారు గట్టు. తక్కిన భాగం విడి మాట కాదని, మన పంచమీ విభక్తి లాంటి ప్రత్యయమని నిఘంటువులు చెబుతాయి. అంటే యార్దాంగ్ అక్షరాలా ‘గట్టు నుంచి’. మిగిలిన దిబ్బ పేరులో, అది ఏ నేలలోంచి విడివడిందో ఆ నేల ప్రస్తావన ఉండిపోయింది.

ఇది మనకు మరీ పరాయి సంగతి కాదు. నెల్లూరు అనే ఊరు ఇంటిపేరులో ‘నెల్లూరి’ అవుతుంది. వ్యాకరణం ఔపవిభక్తికం అనే ఆ చిన్న ఇకారంలో ఒక కుటుంబపు వలస దాగి ఉండవచ్చు. ఆ ఊళ్లో ఇప్పుడు పొలం ఉండదు, ఇల్లు ఉండదు, తాతల నాటి నుంచి ఎవరూ అటు వెళ్లి ఉండరు. అయినా పేరు పిలిచినప్పుడల్లా ఊరు పలుకుతుంది. ఇందులో ఒక కృతజ్ఞత ఉందని అనిపిస్తుంది. కానీ ఇక్కడే ఆగి ఆలోచించాలి. ‘మీ ఇంటిపేరేమిటండీ?’ అన్న ప్రశ్న ఎన్నిసార్లు ఊరి కోసం అడిగినది, ఎన్నిసార్లు కులం కోసం? ఎక్కడి నుంచి వచ్చామో తలుచుకోవడం వేరు, ఎక్కడి నుంచి వచ్చాడన్నదాన్ని బట్టి మనిషికి పీట వేయడం వేరు. ఒకే ‘నుంచి’ రెండు పనులూ చేయగలదు. కాబట్టి మూలాన్ని గుర్తుంచుకోవడం దానంతట అదే మంచిదని ఒప్పుకోలేం.

మరి నిలబడటం? గాలికి ఎదురొడ్డి నిలిచిన దిబ్బను చూస్తే మనసు వెంటనే ధైర్యం, పట్టుదల వంటి మాటల వైపు పరుగు తీస్తుంది. కష్టాల్లో ఉన్నవారికి మనం అలాంటి ఉపమానాలే చెబుతుంటాం. దిబ్బ నిలవడానికి కారణాలను చూస్తే మాత్రం ఆ ఉపమానం నిలవదు. ఒకచోట మట్టి పొర కాస్త గట్టిది. ఇంకొకచోట మొదటి వాన చాలు పక్కగా పోయింది. నిలిచినదానికి గుణం లేదు, కొట్టుకుపోయినదానికి దోషం లేదు. మనుషుల్లోనూ అప్పు తట్టుకుని బయటపడిన రైతునూ తట్టుకోలేని రైతునూ పక్కపక్కన పెట్టి, మొదటివాడిది మనోబలం, రెండోవాడిది బలహీనత అని తేల్చేముందు, ఎవరి కింద ఏ పొర ఉందో అడిగామా? భూమి సొంతమా కౌలా, బోరులో నీరు పడిందా లేదా?

‘దేవుడు నన్ను నిలబెట్టాడు’ అని ఒకరంటే ఆ కృతజ్ఞతను కాదనే హక్కు మనకు లేదు. అహంకారానికి అది మంచి విరుగుడు కూడా. కానీ అదే వాక్యం పడిపోయినవారి ఎదుట పలికినప్పుడు వారికెలా వినిపిస్తుందో ఆలోచించడం విశ్వాసికైనా, అవిశ్వాసికైనా తప్పని పని.

ఇంకో ఓదార్పు ఉంది. ఎడారుల్లో లేచిన ధూళి వృథా కాలేదు. యుగాలుగా గాలిలో వచ్చి పేరుకున్న అలాంటి ధూళితోనే ఉత్తర చైనాలో పసుపుపచ్చని లోయెస్ పీఠభూమి ఏర్పడింది, అక్కడ వ్యవసాయం వేళ్లూనింది. వాస్తవంగా ఇది గొప్ప విషయం. కోల్పోయినవాడికి చెప్పే మాటగా మాత్రం నాకు రుచించదు. నీ నష్టం మరెక్కడో పంటయిందని వింటే అతని లోటు తగ్గదు. ఆ మాట అనాలంటే అతనే అనాలి.

మూలం గురించి, నిలబడటం గురించి పైన అనుకున్న మాటలను పరీక్షించదగిన చోటు లోప్ నోర్ దగ్గరే ఒకటి ఉంది. 1900 మార్చిలో హెడిన్ బృందం నీళ్ల కోసం తవ్వబోతే పార కనిపించలేదు. అంతకుముందు ఆగిన చోట మరిచి వచ్చారు. స్థానిక సహాయకుడు ఓర్దెక్ దానికోసం వెనక్కి వెళ్లాడు. ఇసుక తుఫానులో దారి తప్పి, చెక్కడాలున్న కలప పడి ఉన్న శిథిలాల మధ్యకు చేరాడు. మరుసటి ఏడాది హెడిన్ తిరిగి వచ్చి అక్కడ తవ్వించాడు. అది లౌలాన్, నీరు దూరమయ్యాక జనం వదిలి వెళ్లిన పాత పట్టణం. మాటా, పట్టణమూ రెండూ అక్కడివారి నుంచే అందాయి. లోకానికి గుర్తున్నది ఎక్కువగా హెడిన్ పేరు.

లౌలాన్‌లో ఇళ్ల చుట్టూ నేలను గాలి తీసేసింది. దూలాలు మట్టి దిబ్బల మీద మిగిలాయి, ఆ ఇళ్లే యార్దాంగుల మీద నిలిచినట్టయింది. తవ్వకాల్లో చెక్క పలకలూ కాగితపు ముక్కలూ దొరికాయి. వాటిలో కొన్ని కావలి సిపాయిలకు కొలిచి ఇచ్చిన ధాన్యం లెక్కలు. ఆ పూట ఎవరి వంతు ఎవరికి చేరిందో తేడా రాకూడదని ఒక గుమాస్తా రాసుకున్నవి.