కారణ మడుగరాదు

మా అచ్యుతాపురమున చదివి విశాఖపట్టణమున నుద్యోగము చేయుచున్న పూర్వవిద్యార్థి యొకడు మొన్న మా యింటికి వచ్చి, తాను ఋషికొండ తీరమునుండి పడవపై పోయి, వీపున గాలిసీసా కట్టుకొని, సముద్రములోని రాతిగుట్టలకడకు దిగిన వృత్తాంతము చెప్పెను. రాళ్ల సందులలోని చేపల వర్ణనము ముచ్చటగనే యుండెను గాని, నా మనస్సున నాటినది వేఱొక సంగతి.

స్కూబా యను ఈ విద్యలో ఇరువురు జంటగా దిగవలయును. మనము మెచ్చుకోలునకు చూపెడి పైకెత్తిన బొటనవ్రేలు అచ్చట "పైకి పోవుదము" అను సంజ్ఞ. జంటలో నెవ్వరు వ్రేలెత్తినను రెండవవారు తోడుగా రావలసినదే. ఏల యని పడవ యెక్కిన పిదపను నిలదీయరాదట. ఆనాడు నీటి వాలు బలముగా నుండెను. వీనికి జంటగా దిగిన చెల్లెలు వ్రేలెత్తెను. "డబ్బు దండగైంది మాస్టారూ, అయినా నోరు మూసుకున్నాను" అని నవ్వెను.

నియమమున కింత కాఠిన్య మేల? పది మీటర్లు దిగినచో ఒత్తిడి రెట్టింపగును. ఒక్క శ్వాసకు పైనిదానికి రెండింతలు గాలి వ్యయమగును. ప్రవాహమున కెదురీదువాని యూపిరి మఱింత వేగిరపడును. సిగ్గుచే నాలసించిన ప్రతినిమిషమును ఆ సీసానుండియే పోవును. సముద్రపు లాగుడెట్టిదో మా ప్రాంతమువారికి చెప్పనక్కఱలేదు. 2022 జూలైలో పూడిమడకలో స్నానమునకు దిగిన విద్యార్థులను కెరటము లీడ్చుకొనిపోయినవి.

ఇట్లయిన చపలచిత్తులకు పట్టపగ్గము లుండునా యని పెద్దలడుగవచ్చును. నేనును అడిగితిని. కాని ఆ పిల్ల అన్నను మఱింత లోతునకు దిగుమనలేదు. మరలుటకు మాత్రమే యామెకు స్వాతంత్ర్యము. భయము ముందు వచ్చును, మాటలు తరువాత వచ్చును. హేతువు చెప్పినగాని మరలనీయమన్నచో, అది దొరకునప్పటికి సీసా వట్టిదగును.

గతమాసమున మా యమ్మాయికి సంబంధ మొకటి వచ్చెను. వరుడు విద్యావంతుడు, కట్న మడుగలేదు. ఆమె వలదనెను. (కట్నము లేని సంబంధమును కాదనుటయా యని, సంస్కరణాభిమానినని చెప్పుకొను నాకే కోపము వచ్చినది.) మూడు దినములు కారణ మడిగితిని. తర్కము చదివినవాడను గదా, ఆమె చెప్పిన ప్రతిహేతువునందును దోషము చూపితిని. నాలుగవనాడు ఆమె మాటాడుట మానెను. దానిని సమ్మతి యని నేనును నా భార్యయు తలచితిమి.

ఆ యువకుడు వచ్చిపోయిన రాత్రియే, వలదని వరునివారికి కబురు పంపితిని. కారణమేమని వారడిగిరి. నాకును తెలియదంటిని.